ఏడు బెల్లం దిమ్మలు

అనకాపల్లి,
14 ఫిబ్రవరి 1949.

చిరంజీవి భీమశంకరానికి అప్ప ఆశీస్సులు.

మేం క్షేమం. నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఒక చిన్న పని మీద రాస్తున్నాను. ఈమధ్య మా ఇంటికి వచ్చిన చుట్టమొకాయన రైల్లో కొనుక్కున్న పుస్తకం అరుగు మీద మరిచిపోయి వెళ్ళాడు. "అడుగు గదిలో అయిదుగురు" అని పేరు. మొదటి భాగం. రాసినాయన పేరు కాలభైరవ అని ఉంది. అట్ట మీద కత్తి బొమ్మ. తిరిగి పంపుదామని అలమారులో పెట్టబోతూ మొదటి పేజీ చూశాను. ఆ రోజు నా పారాయణ సాయంత్రానికి జరిగింది.

వీరన్న అనే కలాసీ విశాఖపట్నం రేవులో ఓడ అడుగు గదిలోకి దిగుతాడు, తెగిన తాడు కట్టడానికి. పైన మూత పడిపోతుంది. ఓడ కదులుతుంది. లోపల ఇంకా నలుగురున్నారు. బస్తాల వెనక మేస్త్రీ శవం ఉంది. ఆ నలుగురిలో ఒకడు చంపాడు. ఒక లాంతరు, ఒక కుండ నీళ్ళు. భాగమంతా కలిపి ఒక్క గంట కథ.

భాగవతం చదివే అప్పకి కత్తిపోట్లేమిటని నవ్వుతావు. నవ్వు. కాని రెండో భాగం పంపించు. ప్రెస్సులో పనిచేసేవాడివి, నీకు దొరుకుతుంది. లాంతరు ఆరిపోయే చోట ఆపాడు ఆ మహానుభావుడు.

నీ అప్ప,
సూర్యకాంతమ్మ.


మద్రాసు,
22 ఫిబ్రవరి.

పెద్దప్పకు భీమశంకరం నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వలేదు, హడలిపోయాను. ఏటప్పా ఇది? ఉదయం విష్ణుసహస్రనామం, మధ్యాహ్నం మేస్త్రీ శవమా?

అలాంటి పుస్తకాలకి ప్రూఫులు దిద్దేవాణ్ణి నేను. వాటిలో పస ఎంతో నాకు తెలుసు. జనం రైలెక్కేటప్పుడు కొంటారు, దిగేటప్పుడు వదిలేస్తారు. మీ చుట్టం చేసిందీ అదే. ఆఖరికి శనగలు పొట్లం కట్టుకోవడానికి పనికొస్తాయి. అయినా అడిగావు కాబట్టి రెండో భాగం పంపిస్తున్నాను. ఎవరైనా వస్తే దిండు కింద పెట్టెయ్యి.

నీకు నచ్చే కబురు ఒకటి చెప్తాను. ఉప్మాక వెంకన్న మీద శతకం మొదలుపెట్టాను. పన్నెండు పద్యాలయ్యాయి. పూర్తయ్యాక నీ ఎదట కూచుని చదవాలని కోరిక. నువ్వు పెంచిన తమ్ముడు మద్రాసులో ఊరికే కూచోలేదని నీకు తెలియాలి కదా.

బావగారి చేతి ముక్క చూసి రెండు నెలలైంది. ప్రతి ఉత్తరం చివరా "ఒరే శంకరం, అక్కడ తింటన్నది బెల్లమా బంకా?" అని ఒక పోటు పొడిచేవారు. బెల్లం బజార్లో బేరాల మీద అరిచి అరిచి చెయ్యి కూడా నొప్పెట్టిందా ఏమిటి?

భీమశంకరం.


అనకాపల్లి,
12 మార్చి.

చి. భీమశంకరానికి ఆశీస్సులు.

శతకం శుభం. స్వామి నీచేత పూర్తి చేయించుకుంటాడు.

రెండో భాగం అందింది. ఒక్క ఊపున చదివాను. చీకట్లో అయిదుగురు. ఎవడు ఎక్కడున్నాడో ఊపిరి చప్పుడు బట్టి తెలుసుకోవాలి. వీరన్న కుండలో నీళ్ళ మీద అరచెయ్యి ఆనించి ఉంచుతాడు, ఎవడు కదిలినా చెక్క అదిరి నీళ్ళు వణుకుతాయని. నీళ్ళు వణికాయి. నా చెయ్యి నా మోకాలి మీద బిగుసుకుపోయింది. వేళ్ళ గుర్తులు సాయంత్రందాకా ఉన్నాయి.

శనగల పొట్లం అన్నావు. నాకలా తోచలేదు. పెద్ద కథల్లో మనిషికి దారులెక్కువ. కోపమొస్తే అడవికి పోతాడు, దుఃఖమొస్తే కాశీకి పోతాడు. ఈ గదిలోంచి పోవడానికి చోటు లేదు. అబద్ధమాడినవాడు ఆ అబద్ధం విన్నవాడి పక్కనే కూచోవాలి. ఆలోచించుకునే తీరిక లేదు. చేతికి తగిలిందే దిక్కు. మేకు, తాడు ముక్క, తడిగుడ్డ. నా పూజగది నాలుగడుగులు. తలుపు వేసుకుంటే అక్కడా నాకు నేను దాచుకోగలిగేదేమీ ఉండదు. ఇది రాసినాయన ఎవరో గాని, ఆ సంగతి ఎరిగినవాడు. ఒక్క మాట ఎక్కువ లేదు. చదువుతుంటే ఊపిరి తీసుకోవడం మరిచిపోతాం.

మీ బావగారు ఇంటిపట్టునే ఉంటున్నారు. రాసే ఓపిక లేదన్నారు.

మూడో భాగం ఆలస్యం చెయ్యకు. ఇక్కడ ఎదురుచూసేది నేనొక్కదాన్నే కాదు.

అప్ప.


మద్రాసు,
20 ఏప్రిల్.

పెద్దప్పకు నమస్కారాలు.

ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడం నా తప్పు. రాయడానికి కూచున్న ప్రతిసారీ నీ ఉత్తరంలో ఆ అరచెయ్యి, నీళ్ళు అడ్డొచ్చాయి.

కాలభైరవను నేనే.

మూడేళ్ళుగా రాస్తున్నాను. నీకు తెలియకూడదనే ఆ పేరు పెట్టుకున్నాను. నువ్వు తులసి చుట్టూ తిరుగుతుంటే నేనిక్కడ ఎవడి పక్కటెముకల్లో కత్తి దింపాలా అని ఆలోచిస్తున్నానని ఏ మొహంతో రాయను? శతకం నిజమే, అప్పా. కాని పన్నెండు పద్యాలకి ఏడాది పట్టింది. వీరన్న మొదటి గంట పదకొండు రోజుల్లో వచ్చేసింది.

ఇప్పుడిక అదీ లేదు. నేను గురువుగా తలచుకునే శాస్త్రిగారొకరు, రచన నాదని తెలియక, పదిమందిలో నా మూడో భాగం రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇది రాసిన చెయ్యి కడగడానికి మద్రాసు సముద్రం చాలదు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను నవ్వినందుకే నాకు నిద్ర పట్టడం లేదు.

మూడు, నాలుగు భాగాలు పంపిస్తున్నాను. నాలుగోదే ఆఖరు. వీరన్న ఆ గదిలోనే ఉండిపోతాడు. ప్రెస్సు యజమానికి చెప్పేశాను. నువ్వూ, మీ పనిమనిషి బుల్లమ్మా నన్ను క్షమించాలి. ఎదురుచూసే ఆ రెండోవారు బుల్లమ్మే అయి ఉంటుంది.

భీమశంకరం.


అనకాపల్లి,
9 మే.

చి. భీమశంకరానికి ఆశీస్సులు.

నాకు తెలుసు. రెండో భాగంలోనే తెలిసింది. వీరన్న భయం వేసినప్పుడు కింది పెదవి మడిచి ముక్కుతో కూనిరాగం తీస్తాడు. నీకు ఆరేళ్ళప్పుడు వడ్ల గాదెలో దాక్కుంటే మూత పడిపోయింది. ఇల్లంతా నిన్ను పిలుస్తుంటే నేను ఆ కూనిరాగం పట్టుకుని వచ్చి మూత తీశాను. నువ్వే చెప్తావని ఊరుకున్నాను.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను.

ఎదురుచూసేది బుల్లమ్మ కాదు. మీ బావగారు. జనవరి మూడున తుమ్మపాల దారిలో బండి ఇరుసు విరిగి కిందపడ్డారు. తొడ ఎముక విరిగింది. అప్పటినుంచి నడిమి గదిలో మంచం మీదే ఉన్నారు. ఎవరికీ రాయొద్దని, ముఖ్యంగా నీకు రాయొద్దని, ఉప్మాక స్వామి పువ్వు నా చేతిలో పెట్టి ఒట్టు వేయించుకున్నారు. "పడిపోయిన ఎద్దుని చూసినట్టు చూస్తారే" అన్నారు. ఆ ఒట్టు ఈ రోజు తప్పాను. స్వామికి నేను చెప్పుకుంటాను.

నలభై రోజులు గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను భాగవతం చదివితే కళ్ళు మూసుకునేవారు. ఒక మధ్యాహ్నం నీ పుస్తకం నాలో నేను చదువుకుంటూ "అయ్యో" అన్నాను.

"ఏటది?" అన్నారు. తనంతట తాను అడిగిన మొదటి మాట.

"ఓడలో లాంతరు ఆరిపోయింది" అన్నాను.

ఇటు తిరిగారు. "ఎవర్ని పొడిచేసేరేటి?"

నీకు మొదటి ఉత్తరం రాసింది ఆ మర్నాడే.

నాలుగు గోడల మధ్య పడి ఉన్న మనిషికి నాలుగు గోడల మధ్య పోరాడేవాడి కథ ఎలా పట్టిందో నేను చూశాను. నా పారాయణకి రాని మనిషి నీ వీరన్నకి వచ్చాడు. నాకు కష్టమనిపించలేదు. దణ్ణం పెట్టుకున్నాను.

ఎముక అతికింది. డాక్టరు నిలబడమంటున్నాడు. ఈయన నిలబడరు. "మళ్ళీ పడితే?" అంటారు. వానలు వెళ్ళేలోగా నడవకపోతే కాలు బిగిసిపోతుందట, ఆ తరవాత నడక ఉండదట.

శాస్త్రిగారి మాట శాస్త్రిగారిది. నువ్వు అయిదో భాగం రాయి. కాలభైరవ ఎవరో ఆయనకి చెప్పలేదు.

అప్ప.


మద్రాసు,
17 మే.

అప్పా,

నీ ఉత్తరం ప్రెస్సులో నిలబడి చదివాను. ఆ మధ్యాహ్నం ప్రూఫుల్లో ఎన్ని తప్పులు వదిలేశానో తెలియదు. రైలెక్కుదామని సంచి సర్దుకుని, నీ ఒట్టు గుర్తొచ్చి విప్పేశాను. నేను గుమ్మంలో కనిపిస్తే ఆయన మళ్ళీ గోడవైపు తిరుగుతారు.

రాస్తాను. యజమానికి చెప్పాను. దానికి ముందు ఒక్కటి అడుగుతాను. బావగారికి కోపం వస్తోందా? వెనకటిలా?

శంకరం.


అనకాపల్లి,
25 మే.

చి. శంకరానికి.

రావడం లేదు. అదే నా బెంగ.

మొన్న గాలివానకి పడమటి కొట్టు పెంకులు లేచిపోయాయని గుమాస్తా పైడిరాజు వచ్చి చెప్పాడు. లోపల బెల్లం ఉంది. "తడవనీ" అన్నారు. ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట వినలేదు. పైడిరాజు నావైపు చూశాడు. నేను కిందికి చూశాను.

నాలుగో భాగం రెండోసారి చదువుతున్నాను. "అయిదోది వచ్చిందా?" అని రోజూ అడుగుతారు. మరేమీ అడగరు.

అప్ప.


మద్రాసు,
18 జూలై.

పెద్దప్పకు నమస్కారాలు.

అయిదో భాగం ఈ ఉత్తరంతోబాటే అందుతుంది. ఇదే ఆఖరు. ఎన్నోసార్లు చింపి రాశాను.

ముసురు పట్టాక చదువు. ఆయన పక్కనే కూచుని గట్టిగా చదువు. ముప్పై ఒకటో పేజీ తొందరగా దాటెయ్యకు. ఆయన ఏమన్నా సరే, నా తరఫున ఒక్క మాట మాట్లాడకు.

శంకరం.


అనకాపల్లి,
2 ఆగస్టు.

చి. భీమశంకరానికి అప్ప అనేక ఆశీస్సులు.

ఈ ఉత్తరం నాకు అలవాటు లేనంత పొడుగు అవుతుంది.

నిన్న భోజనాలయ్యాక మొదలుపెట్టాను. నాలుగు రోజులుగా ఇక్కడ ముసురు. వసారాలో బుల్లమ్మ పిండి దంపుతోంది. అది చెవి ఇటే వేసి దంపుతుందని నీకు తెలుసు. కథలోనూ శ్రావణమే, సముద్రం మీద వారంగా ముసురే. అయిదుగురిలో ముగ్గురు మిగిలారు. కత్తి ఉన్నవాడు చీకట్లో చెప్పులు విప్పేశాడు. అడుగుల చప్పుడు లేదు. వీరన్న వెనక్కి జరిగి జరిగి మూల సరుకు మీద కప్పిన గోనెపట్టా చింపుతాడు. లోపల అనకాపల్లి బెల్లం. దిమ్మ మీద దిమ్మ ఏడు పేర్చి, రాతిమెట్లెక్కినట్టు ఎక్కి, పైమూతకి భుజం ఆనిస్తాడు. ఆగకుండా చదివాను. అంత బాగా రాశావు.

"ఆపు" అన్నారు.

ఆపాను.

"మళ్ళీ చదువు."

చదివాను.

"శ్రావణంలోనా?"

"శ్రావణంలోనే."

"సముద్రం మీద? ముసుర్లో? ఏడు దిమ్మలు నిలువుగానా? మడిసి ఎక్కేడా?"

బుల్లమ్మ రోకలి ఆపింది. "ఎక్కేసేడు బాబూ. నానూ యిన్నాను."

"నువ్వు నోర్ముయ్యి! శ్రావణం ముసుర్లో బెల్లం ఏటవుద్దే?"

"సెమట పడతాది."

"పట్టి?"

"జారిపోతాది."

"అదీ! పిండి దంపుకునే బుల్లమ్మకి తెలిసింది ఈ కాలభైరవుడికి తెలీదు. ఈడెవడే? ఈడెప్పుడైనా బెల్లం చూసేడా, పంచదార తిని పెరిగేడా? రెండో దిమ్మ మీద కాలేసేసరికి పాకంలో జారినట్టు జారతాడు. కింద కత్తట్టుకుని ఆడున్నాడు. వీరన్న చచ్చిపోతాడే! ఇన్నాళ్ళు బతికించుకొచ్చి, ఆఖర్న ఒక తెలివితక్కువ ఎదవ చేతిలో చచ్చిపోతాడు!"

నువ్వు చెప్పినట్టే నీ తరఫున మాట్లాడలేదు. మొహం ఎర్రబడింది. ఏడు నెలలకి చూశాను ఆ రంగు. నా కళ్ళు నిండాయి, పుస్తకం ఎత్తి పట్టుకున్నాను.

"పైడిరాజూ! అయిదు దిమ్మలూ, గోనెలూ అట్టుకురా!"

అరుగు మీద లెక్కలు రాసుకుంటున్న పైడిరాజు ఇద్దరు కూలీలచేత తెప్పించాడు. గదిలోకి తేబోయారు. చీమలు పడతాయని గుమ్మం అవతలే దింపించాను. నేను చేసింది అదొక్కటే.

పైడిరాజు దిమ్మ మీద దిమ్మ పెట్టాడు. పైది పక్కకి జారింది.

"అలాక్కాదురా! కింద మూడు. మూడూ ఒకదానికొకటి ఆన్చు. మధ్యన గోనె పరు. గోనె రెండు మడతలు... అదా మడత? నీకూ ఆ రాసినోడికీ ఒకడే గురువురా. మీద రెండు, అడ్డంగా. అడ్డమంటే నిలువు పెడతావేట్రా? జరుగు, జరుగవతలికి!"

మంచం చప్పుడైంది. నేను తల తిప్పలేదు, పుస్తకం అంచు మీంచి చూశాను. కుడికాలు, ఎడమకాలు. ఎడమది ఈడుస్తున్నారు. గోడ పట్టుకున్నారు. గోడ వదిలేశారు. గుమ్మం పట్టుకుని వంగి, గోనె లాగి సరిచేసి, దిమ్మని తన చేత్తో జరిపి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టారు.

"ఇదీ! ఇప్పుడు ఎక్కమను వీరన్నని. ఏనుగెక్కినా కదల్దు."

బుల్లమ్మ నోరు తెరిచింది. నేను దానివైపు చూశాను. మూసుకుని రోకలెత్తింది. పైడిరాజు తలపాగా విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు ఆయన తన కాళ్ళు చూసుకున్నారు. తరవాత వెనక్కి తిరిగి మంచం చూశారు. గుమ్మం గట్టిగా పట్టుకున్నారు.

"నానిక్కడికెలా వచ్చేనే?"

"నేను పుస్తకంలోకి చూస్తున్నానండీ, చూడలేదు" అన్నాను.

అబద్ధం. ఆరు అడుగులు. ఆరూ చూశాను.

వసారా వైపు తల తిప్పారు. వాన వింటున్నారనుకున్నాను. తరవాత, "మిగిలింది చదువు. మూత తెరుచుకుందా లేదా?" అన్నారు. నిలబడే విన్నారు.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు, ఇలాంటి ముసుర్లోనే, మా కొట్టులో దిమ్మ మీద కాలేసి జారి గెడ్డం పగలగొట్టుకున్నావు. పసుపు అద్దింది నేను. నిన్నేమీ అడగను.

అప్ప.


మద్రాసు,
12 ఆగస్టు.

అప్పా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను.

నువ్వు అడగలేదు. అయినా చెప్తాను. తెలిసే రాశాను. కోపం రావడం లేదని నువ్వు రాసినప్పుడే తోచింది. కత్తికి ఆయన భయపడతారు, ఆనందిస్తారు, అంతకుమించి కదలరు. ఆయన్ని లేపడానికి బెల్లాన్ని అవమానించాలి. లేకపోతే వీరన్నకి తాడు చేతిలోనే ఉంది, తాడుతోనే పైకి వచ్చేవాడు. ఆ అధ్యాయం ముందు అలాగే రాశాను. అదే మంచి అధ్యాయం, అప్పా. చింపేశాను.

ఇప్పుడు దాని ఫలం అనుభవిస్తున్నాను. మీ ఊరి నుంచే ప్రెస్సుకి పంతొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. ఒకాయన, "అయ్యా కాలభైరవా, తమరు కథలో చెప్పిన రాతి బెల్లం ఏ కొండలో తవ్వుతారో చెప్తే మేమూ తెప్పించుకుంటాం" అని రాశాడు. యజమాని వాటిని గోడకి గుచ్చి, నన్ను చూసినప్పుడల్లా ఒకటి పైకి చదువుతున్నాడు. ఈ బెల్లం సంగతి శాస్త్రిగారికీ ఎలాగో తెలిసింది, మళ్ళీ పదిమందిలోనే ఎత్తారు. "ఆ కాలభైరవుడికి రానిది సాహిత్యమే అనుకున్నాను, బెల్లమూ రాదా?" అన్నారు. ఈసారి నేను నవ్వలేదు. తల ఎత్తే ఉంచాను. "ఆ పుస్తకం నేను రాసిందేనండీ" అన్నాను. తలలన్నీ నావైపు తిరిగాయి. ఆ గది కూడా ఒక మూసిన గదే. నేను బయటపడ్డాను.

రెండో అచ్చు వేస్తామంటున్నారు. వీరన్నని ఎలా ఎక్కించమంటావు? బావగారికి నేనెవరో చెప్పెయ్యనా? తెలిసే చేశానని రాసేస్తే ఆయన నన్ను తెలివితక్కువవాడు అనుకోరు కదా.

శతకం పద్నాలుగో పద్యం దగ్గర ఆగింది.

శంకరం.


అనకాపల్లి,
24 ఆగస్టు.

చి. భీమశంకరానికి ఆశీస్సులు.

శతకం గురించి బాధపడకు. స్వామికి తొందర లేదు. వీరన్న లాంటివాళ్ళ కోసం చూసేవాళ్ళకి తొందర ఉంటుంది. వాళ్ళకి రాయి. నీ చేతికి ఏ సముద్రమూ అక్కర్లేదు.

రెండో అచ్చులో కింద మూడు, మీద రెండు. గోనె రెండు మడతలు.

ఆయన కర్ర పట్టుకుని రోజూ కొట్టుకి వెళ్తున్నారు. పడమటి కొట్టు పెంకులు తన ఎదటే వేయించారు. పైడిరాజు తిట్లు తిని సంతోషంగా ఉన్నాడు. గడప దగ్గర ఇంకా ఆగుతారు. ఎత్తు చూసుకుంటారు. నేను పక్కన ఉన్నానని తెలిస్తే విసుక్కుంటారు.

మొన్న ఉదయం, "మద్రాసు పోదాం. శంకరం ప్రెస్సువాడు, ఆ కాలభైరవుణ్ణి ఎరిగే ఉంటాడు. ఆడి మొహం ఒకసారి చూడాలి" అన్నారు. నేను సరేనన్నాను. శుక్రవారం మెయిలుకి బయల్దేరుతున్నాం. నువ్వు స్టేషనుకి రా.

రైలు పెట్టె మెట్లు ఆయనే దిగుతారు. చెయ్యి అందించకు. "ఏడిరా ఆడు?" అంటారు. "నేనే, బావా" అను. తెలిసి చేశానని మాత్రం చెప్పకు. ఆ రోజు గుమ్మందాకా తనంతట తాను వెళ్ళానని ఆయన అనుకుంటున్నారు. అలాగే ఉండనీ. తప్పు చేశానను. తెలివితక్కువ వాడివనిపించుకో. నా కోసం ఆ ఒక్కటి చెయ్యి.

మొదలుపెడితే సులభంగా ఆగరు. బండి పిలవకు, కూచోమనకు, సామాను అందుకోకు. ప్లాట్‌ఫారం మీదే తిట్టనీ. నువ్వు తల వంచుకుని విను.

ఎంతసేపు నిలబడతారో నేను చూసుకుంటాను.

నీ అప్ప,
సూర్యకాంతమ్మ.